ఏసుపాదం మేస్త్రి గారి ఆఖరి చక్రం

ఏసుపాదం మేస్త్రి గారు ప్రభువునందు నిద్రించారన్న దుర్వార్త నాకు అందిన క్షణాన నేను నల్లబల్ల ముందు నిలబడి, కొలతకు ఉన్న మహత్తు గురించి విద్యార్థులకు ఉపన్యాసం దంచుతున్నాను. ఫోను చేసింది ఆయన మరదలు సువార్తమ్మ. "బావగారు పోయేరండీ. పొద్దున్నే లేతు మిషను ముందు స్టూలు మీద కూర్చున్నారండీ, అలాగే ఒరిగిపోయేరండీ," అంది. నేను "ఎవరి బావగారు?" అని అడిగాను. తెలిసి అడిగానో తెలియక అడిగానో ఇప్పటికీ చెప్పలేను. ఆమె ఏడుపు ఆపుకుని, "మీ మేస్త్రి గారేనండీ," అంది. చేతిలోని సుద్దముక్క ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు.

మూడు రోజులుగా వదలని ముసురు. అమలాపురంలో అల్లవరం బస్సెక్కి, తడిసిన గొడుగు ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా ఒకే మాట తలుచుకున్నాను. మొన్న ఆదివారమే కదా చూశాను. "టీ పెడుతున్నారు, ఉండండి," అంటే "బస్సు తప్పిపోతుందండీ," అని లేచి వచ్చేశాను. అరగంటకొక బస్సు ఉన్న దారిలో నాకేం రాచకార్యం మునిగిపోయిందో ఆ భగవంతుడికే తెలియాలి. ఆ టీ తాగి ఉంటే ఈ వ్యాసం ఇలా ఉండేది కాదు.

పోయినవారి గురించి రాసేటప్పుడు వారిని సకల సద్గుణ సంపన్నులుగా చిత్రించడం మన ఆచారం. మేస్త్రి గారికి ఆ మర్యాద జరపడం నా వల్ల కాదు. ఆయన మొండి మనిషి. ఒకసారి కాదంటే అమలాపురం నుంచి ఎమ్మెల్యే వచ్చి చెప్పినా కాదు. కానీ అల్లవరం మండలంలో రొయ్యల చెరువుల మీద తిరుగుతూ నీటికి గాలి అందించే గాలిచక్రాలు, ఏటి మొగలో పడవల ఇంజన్లు, ధాన్యం మిల్లుల ఇరుసులు, వీటిలో ఆయన చెయ్యి పడనివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వ్యవసాయ కూలీల ఇంట పుట్టి, మిషనరీ బడిలో ఎనిమిది చదివి, ఎక్కడో మూలపడిన ఇనుమును తిప్పుతూ చెక్కే పాత లేతు మిషను ఒకటి తెచ్చి ఇంటి పక్క రేకుల షెడ్డులో బిగించి, నలభై ఏళ్ళు దాని ముందు కూర్చున్న నిష్ఠాగరిష్ఠుడు. ఇనుమును చెక్కే విద్యలో ఆయన పాటి మనిషిని నేను చూడలేదు. చూస్తానన్న ఆశ కూడా లేదు.

నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ తప్పి, ఇంట్లో మొహం చెల్లక తిరుగుతున్న రోజులు. "ఏం సూరిబాబూ, ఇనుము కొరుకుతావా?" అని అడిగి స్టూలు చూపించారు. నాలుగేళ్ళు నన్ను 'నువ్వు' అన్నారు. నాకు శిక్షణ సంస్థలో టర్నింగు, అంటే లేతు పని, నేర్పే ఉద్యోగం వచ్చిన రోజు నుంచి 'మీరు' అనడం మొదలుపెట్టారు. "అలా అనకండి మేస్త్రి గారూ, నాకు సిగ్గేస్తోంది," అని ఎన్నిసార్లు బతిమాలానో. "ఆయ్, సిగ్గు మంచిదేనండీ, పంతుళ్ళకి ఉండాలండీ," అనేవారు. ఆ మాటలోని వెక్కిరింత నాకు అర్థమయ్యేది. అయినా ఊరుకునేవాణ్ణి.

ఆయన పని తీరు గురించి ఒక సంగతి చెప్పాలి. దాని మీదే అంతా ఉంది. ఆయన కొలతలు కాగితం మీద రాసేవారు కాదు. కొబ్బరి ఈనె తీసుకుని, కొలవవలసిన చోట ఆనించి, ఆ పొడవుకు కత్తితో తెంపి, దాని మీద గాటు పెట్టేవారు. లోతుకు ఒక గాటు, వెడల్పుకు రెండు. ముదురు మట్టలోంచి ఏరి, ఎండబెట్టి, ఆముదం రాసిన ఈనెలు. ఈ అలవాటు పడవల దగ్గర అబ్బింది. పడవ అడుగున ఉప్పునీళ్ళలో వంగి కూర్చుని ఇరుసు కొలిచేటప్పుడు స్టీలు పరికరం జారి నీళ్ళలో పడిందంటే పోయినట్టే, పడకపోయినా తుప్పు ఖాయం. ఈనెకు ఆ భయం లేదు. "నెంబరు రాస్తే కళ్ళు చదువుతాయండీ. ఈనె అయితే వేలు చదువుద్దండీ," అనేవారు. బొటనవేలి గోరు గాటులో ఆనించి, కళ్ళు మూసుకుని, లేతు పిడి తిప్పేవారు. తరవాత నేను నా పరికరంతో కొలిచి చూస్తే వెంట్రుక వాసి తేడా వచ్చేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

నిజంగానే మండేది. ఎందుకంటే నేను పిల్లలకు నేర్పేది దానికి సరిగ్గా విరుద్ధం. ఒకసారి పట్టుదలకు పోయి, అంకెలు అద్దం మీద కనిపించే వెర్నియరు అనే కొత్త కొలత పరికరం ఒకటి కొనుక్కెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "చాలా అందంగా ఉందండీ," అని, పెట్టెతో సహా గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన మేకుకు తగిలించారు. ఏడేళ్ళు అక్కడే వేలాడింది. "ఏదో ఒక రోజు మీరు లేకపోతే ఈ ఈనెల భాష ఎవడికి తెలుస్తుందండీ?" అని నేను విసుక్కుంటే, "మీరున్నారు కదండీ," అన్నారు. ఆ జవాబులో వెక్కిరింత లేదు. అందుకే అది ఈనాటికీ గుచ్చుకుంటోంది.

భక్తి ఉండేది గానీ ఆయన భక్తి ఆయనదే. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం సగంలో ఉండగా చెరువు రైతు ఒకాయన గుడి గుమ్మంలో నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు. గాలిచక్రాలు ఆగిపోయి రొయ్యలు నీటి మీదికి తేలిపోతున్నాయట. మేస్త్రి గారు లేచి వెళ్ళిపోయారు. మర్నాడు పాస్టరు గారు ఇంటికొచ్చి, "పరిశుద్ధ దినం కదా ఏసుపాదం గారూ," అని నొచ్చుకున్నారు. ఈయన చేతులు తుడుచుకుంటూ, "ఆయ్, నిజమేనండీ. రొయ్యలకి ఆ సంగతి తెలీదండీ," అన్నారు. పాస్టరు గారు నవ్వాపుకోలేక టీ తాగి వెళ్ళారు.

ఇక కారు. ఆ కారు ఒకప్పుడు ఆ ఊరి పెద్ద రైతు గారిది. ముక్కు గుండ్రంగా, దీపాలు కప్పకళ్ళలా ఉండే పాతకాలపు బండి. మేస్త్రి గారి నాన్నగారు ఆ కమతంలో పాలికాపు. వానాకాలంలో కారు బురదలో దిగబడితే వెనకనుంచి తోసేవారిలో ఆయన ఒకరు. ఆ ఇంట్లో తరం మారాక కారు కొబ్బరి డొక్కల కొట్టంలో కోళ్ళకు కాపురమైంది. మేస్త్రి గారు వెళ్ళి అడిగితే, ఆ ఇంటి అబ్బాయి గారు మంచివారు, తుక్కు కింద ఇచ్చేశారు. "మా నాన్న దీన్ని జీవితమంతా తోసేడండీ, ఒక్కసారీ ఎక్కలేదండీ," అని మేస్త్రి గారు నాతో ఒకేసారి చెప్పారు. కోపంగా చెప్పలేదు. కారు తలుపు అతుకుతూ, ఉన్న మాట చెప్పినట్టు చెప్పారు.

ఆయన సతీమణి కరుణమ్మ గారిని నేను పిన్నిగారూ అని పిలుస్తాను. ఆమెది రాజోలు అవతల పల్లె. "పెళ్ళైన రోజు తెల్లచీరతో బస్సులో నిలబడి వచ్చేనండీ, చీర మీద ఎవరో ఆవకాయ జాడీ ఒలకబోసేరండీ," అని ఆమె నవ్వుతూ చెప్పేది. "ఈ కారు లేచిన రోజున ముందు సీట్లో కూర్చోబెట్టి మీ ఊరు తీసుకెళ్తాను," అని మేస్త్రి గారు ఆమెకు మాటిచ్చారు. మాటిచ్చి పదకొండేళ్ళయింది. ఆమె ప్రతి క్రిస్మసుకూ "ఈ యేడూ బస్సేనా అండీ?" అని అడగడం, ఆయన తల వంచుకుని "వచ్చే యేడు," అనడం ఆ ఇంట ఒక సంప్రదాయమై కూర్చుంది.

ఇంజను నడిచే స్థితికి వచ్చింది. అసలు గేరుబాక్సు ఎక్కడా దొరకక వేరే బండి గేరుబాక్సు తెచ్చి తగిలించారు. అప్పుడు ఫ్లైవీలు నెర్రెలిచ్చి ఉన్నట్టు కనబడింది. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇంజను వెనక భాగాన తిరిగే బరువైన ఇనప చక్రాన్ని ఫ్లైవీలు అంటారు. క్లచ్చి పలక వచ్చి ఆనేది దాని ముఖం మీదే. అది నడిపేవాడి కాళ్ళకు జానెడు దూరంలో, కంటికి కనబడనంత వేగంతో తిరుగుతుంది. దానిలో లోపం ఉండి పగిలిందంటే ముక్కలు రేకును చీల్చుకుని కాళ్ళనూ చీల్చుకుపోతాయి. ఒక బండి ఇంజనుకు మరో బండి గేరుబాక్సు కాబట్టి అంగట్లో దొరికే ఏ చక్రమూ దానికి సరిపోదు. మేస్త్రి గారు గోదావరి అవతల ఒక పోత కొలిమికి వెళ్ళి, పాత చక్రాన్నే కరిగించి, కొత్త ఇనుములో కలిపి, ముతక చక్రం ఒకటి పోయించి తెచ్చారు. "పాత ఇనుము నాలుగు ఊళ్ళు తిరిగిందండీ, దానికి దారి తెలుసండీ," అన్నారు. నేను నవ్వాను. పాత చక్రం ఉంచుకుంటే కొలతలకు పనికొచ్చేదని అప్పుడు నాకైనా తట్టలేదు.

దాన్ని చెక్కడం ఒక తపస్సు. చక్రం పెద్దది, లేతు చిన్నది. మిషను బెడ్డు అనే ఇనప పీఠం ముందు ముక్క ఊడదీసి, ఆ ఖాళీలో చక్రం తిరిగేలా చేశారు. రోజుకు గంట, రెండు గంటలు, చెరువుల పని అయ్యాక కూర్చునేవారు. గేరుబాక్సు బిగించడం, లోపల ఈనె పెట్టి చూడటం, విప్పడం, మళ్ళీ బిగించడం. చక్రం అంచుకు, ఇంజనును లేపడానికి పనికొచ్చే పళ్ళ వలయం తొడిగిన రోజున నేనూ ఉన్నాను. పెళ్ళి వంటలకు తవ్వినట్టు పెరట్లో గాడిపొయ్యి తవ్వి, కొబ్బరి చిప్పల నిప్పుల మీద ఆ వలయాన్ని కాల్చారు. అది వేడికి సాగి, చక్రం మీదికి జారి, చల్లారాక బిగుసుకోవాలి. ఒక పట్టకారు ఆయనది, రెండోది పిన్నిగారిది. "ఇప్పుడు," అని ఆయన అనడం, ఇద్దరూ ఒక్కసారిగా వదలడం, వలయం 'టక్కు'మని కూర్చోవడం. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, "ఇంక బస్సు లేనట్టేనా అండీ?" అంది. ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వారు. ఆ నవ్వే నా కళ్ళలో మిగిలింది.

మిగిలింది ఒక్కటే పని. క్లచ్చి ఆనే ముఖం మీద ఆఖరి కోతలు. చక్రం లేతుకు బిగించి ఉండగానే ఆయన వెళ్ళిపోయారు.

నేను చేరేసరికి వాకిట్లో వేసిన టెంటు వానకు కారిపోతోంది. ఇల్లు రెండు గదులు. జనం తడుస్తున్నారు. ఆయన్ను ఉంచిన పెట్టె షెడ్డులోకి మార్చుదామని పాస్టరు గారన్నారు. నేను శిష్యుణ్ణి కదా, పెత్తనం నెత్తినేసుకున్నాను. "షెడ్డు ఖాళీ చెయ్యండి, ఊడవండి," అని అందరికీ పనులు పురమాయించాను. లేతు మీద దుప్పటి కప్పాను. మూలనున్న ఇనప రేకు వలయం ఏదో కాలికి అడ్డమొస్తే తుక్కులోకి గెంటించాను. ఊడవడానికి చీపురేదని సువార్తమ్మ అడిగింది. దూలానికి కొబ్బరి పీచుతో కట్టి వేలాడదీసిన ఈనెల కట్ట కనిపించింది. మా కోనసీమలో ఏ ఇంటి చూరులో చూసినా అలాంటి కట్ట ఒకటి ఉంటుంది, చీపురు కట్టుకోవడానికే. నేనే చెయ్యెత్తి తెంపి, నేనే ఆమె చేతికిచ్చాను. "ఇవిగో ఈనెలు, చీపురు కట్టెయ్యండి," అన్నాను. ఈ రెండు చేతులతోనే ఇచ్చాను.

మట్టి చేసి వచ్చాక పిన్నిగారు గోడకు జేరబడి, "బాబూ, ఆ చక్రం సంగతి..." అని ఆగిపోయింది. నేను ఆమె చేతులు పట్టుకుని, "నేను పూర్తి చేస్తాను పిన్నిగారూ. మిమ్మల్ని ఆ కారులో మీ ఊరు తీసుకెళ్ళే పూచీ నాది," అన్నాను. చుట్టూ పదిమంది విన్నారు. ఆమె నా వంక చూసి, "ఆయ్," అంది. ఆ ఒక్క మాటలో ఆమె నా మీద ఎంత బరువు పెట్టిందో నాకు అప్పుడు తెలియలేదు.

నాలుగో రోజున వెళ్ళి ఈనెల కోసం వెతికాను. గూట్లో లేవు, సొరుగులో లేవు, ఆయన చొక్కా జేబులో లేవు. "మేస్త్రి గారు కొలతల ఈనెలు ఎక్కడ పెట్టేవారండీ?" అని అడిగాను. పిన్నిగారు దూలం వైపు చూసింది. తెగిన కొబ్బరి పీచు ఒక్కటే వేలాడుతోంది. సువార్తమ్మ వంటింట్లోంచి వచ్చి, మొహం పాలిపోయి, "మీరిచ్చినయ్యే కదండీ. చీపురు కట్టేసేనండీ. కొసలు ఎగుడుదిగుడుగా ఉన్నాయని కత్తెరతో సమంగా కత్తిరించేసేనండీ," అంది. చీపురు తెచ్చి నా ముందు పెట్టింది. అంత చక్కగా, అంత సమంగా కట్టిన చీపురు నేనెన్నడూ చూడలేదు. నెల రోజుల శ్రమ, ఆయన వేలు చదివిన ప్రతి కొలతా, బూడిదా బురదా ఊడ్చి, కొసలు పోయి, ఆ మూల నిలబడి ఉంది. ఆమెను ఏమనను? ముప్పై ఏళ్ళ పాటు ఆ ఈనెలను కళ్ళారా చూసిన నేనే గుర్తుపట్టలేదు.

దుఃఖంలో ఉన్నవాడికి వివేకం ఉండదంటారు. నాకు వివేకం సంగతి దేవుడెరుగు, అహంకారం మాత్రం నిక్షేపంగా ఉంది. ఈనెలు పోతే పోయాయి, నా విద్య ఎందుకుంది అనుకున్నాను. గోడ మీద వేలాడుతున్న వెర్నియరు దించి, కొత్త బ్యాటరీ వేశాను. గేరుబాక్సు విప్పి, ఇంజను కొలిచి, క్లచ్చి కొలిచి, నీటుగా బొమ్మ గీశాను. ముఖం ఎంత లోతుకు కోయాలో లెక్క తేలింది. మూడుసార్లు లెక్కవేశాను, మూడుసార్లూ అదే అంకె. ఆ అంకె తప్పు కాదు. ఇవాళ ఎవరు కొలిచినా అదే వస్తుంది. నా మనసులో ఒక మూల, చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఈనెలు లేకుండా చేసి చూపించబోతున్నానన్న సంబరం కూడా ఉంది.

ఒక శనివారం మధ్యాహ్నం లేతు ముందు ఆయన స్టూలు మీద కూర్చున్నాను. పిన్నిగారు గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. మిషను తిప్పాను. మొదటి కోత పట్టులా వచ్చింది. రెండోది, మూడోది. ఇంక నా అంకెకు ఒక్క కోత దూరం. కోసే టూలు ముందుకు జరిపాను. సగం ముఖం నున్నగా వచ్చాక ఒక చప్పుడు. టిక్కు, టిక్కు, టిక్కు. చక్రం తిరిగిన ప్రతిసారీ టిక్కు. మిషను ఆపాను. నిగనిగలాడే ముఖం మీద నల్లటి చుక్క. వేలు పెడితే వేలు దిగింది. లోపల ఇనుము అటుకుల్లా పొరలు పొరలుగా, స్పంజిలా బుడగలు. పోత పోసినప్పుడు గాలి చిక్కుకుని లోపల ఉండిపోయిన గుల్ల అది. ఇంకొక్క కోతమందం వదిలేసి ఉంటే అది బయటపడేది కాదు, ఆ మందంలో చక్రం నూరేళ్ళు తిరిగేది.

ఏం చెయ్యాలో తెలియక బయటికి వెళ్ళి తుక్కుకుప్ప ముందు నిలబడ్డాను. ఆ రోజు నేను గెంటించిన ఇనప రేకు వలయం కనిపించింది. తీసి చూస్తే దాని అంచున గేరుబాక్సు బోల్టుల వరసకు సరిగ్గా సరిపోయేలా గుర్తులు పెట్టి ఉన్నాయి, సగం బెజ్జాలు వేసి ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. గుల్ల ఉందని ఆయనకు ముందే తెలుసు. ముఖాన్ని లెక్క ప్రకారం కోయకుండా పైనే ఆపేసి, ఆ తేడాను పూడ్చడానికి ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఈ వలయం పెట్టాలని నిశ్చయించుకున్నారు. ఎక్కడ ఆపాలో ఆ ఈనె మీద గాటు పెట్టుకున్నారు. నా అంకె ఒప్పే. ఆ చక్రానికి ఆ అంకె పనికిరాదు.

లోపలికి వచ్చి పిన్నిగారి ముందు నేల మీద కూర్చుండిపోయాను.

"ఆయన రోజూ స్పానరుతో తట్టి వినేవారండీ," అంది ఆమె నిదానంగా. "ఇక్కడ గొంతు మారతా ఉంది కరుణా, ఇంత వరకే చాలు అన్నారండీ. మీకు చెప్తాననేరండీ ఆదివారం. టీ పెట్టేలోపు మీరు లేచిపోయేరండీ. మీరు లెక్క కట్టేరు కదా, మీకూ తెలిసే ఉంటుందనుకున్నానండీ."

చేతిలోని వలయాన్ని ఆమె ముందు నేల మీద పెట్టాను.

"అతికించలేమా బాబూ?"

"పోత ఇనుము అతికితే నమ్మకూడదండీ. మీరు ముందు సీట్లో కూర్చుంటారు. ఆ చక్రం మీ కాళ్ళ దగ్గరే తిరుగుద్దండీ."

"ఇంకోటి పోయిస్తే?"

పోయించవచ్చు. కొలిమివారు పోస్తారు. ఆ లోపల ఏముందో తట్టి వినే చెవి ఎక్కడినుంచి తేను? ఇదివరకు పదిమందిలో గొప్పగా పూచీ పడ్డ నోటికి, ఈసారి ఆమె ఒక్కతే ఉన్నా, చేస్తానన్న మాట రాలేదు. ఆమె లేచి లేతు మీద దుప్పటి తనే కప్పింది.

వెళ్ళబోతుంటే గుమ్మం దగ్గర ఆపింది. "బాబూ, ఎవరైనా అడిగితే మీరు ఏమీ చెప్పకండి. నేను చెప్పుకుంటానండీ," అంది. ఏం చెబుతుందో అడగలేదు. అడగాలని తోచలేదో, అడిగే ధైర్యం లేదో.

అది పది రోజులకు తెలిసింది. జ్ఞాపకార్థ కూడికకు ఊరంతా వచ్చారు, పడవల వాళ్ళు, చెరువుల రైతులు, కారు ఇచ్చిన ఇంటి అబ్బాయి గారు కూడా. భోజనాల దగ్గర ఒక పడవ యజమాని, మేస్త్రి గారు బాగుచేసిన ఇంజనుతో ఇరవై ఏళ్ళు సముద్రం మీద బతికిన మనిషి, నా పక్కన కూర్చుని, "పాపం, ఆఖర్న చెయ్యి తప్పిందటండీ. పెద్దతనం కదండీ, ఎక్కువ కోసేసేరట. చక్రం గుల్లైపోయిందట," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అయ్యో అన్నారు. నేను తలెత్తి చూశాను. కరుణమ్మ గారు మజ్జిగ వడ్డిస్తూ, ఆ మాట విని, తలూపి, ముందుకు వెళ్ళిపోయింది.

పెరట్లో ఆమెను పట్టుకున్నాను. "ఎందుకండీ పిన్నిగారూ అలా చెప్పేరు?" అన్నాను.

"మరేం చెప్పనండీ? పిల్లలకి ఈ పనే నేర్పే మాస్టారు మీరు. మీ చేతిలో చెడిందంటే రేపు మీ దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారండీ? ఆయనకి ఇంక పేరుతో ఏం పనండీ? ఆయన ఉంటే ఆయనే ఇలా చెప్పేవారండీ."

ఆయన ఉంటే ఇలాగే చెప్పేవారు. అది నిజం. నలభై ఏళ్ళు ఒక్క కోత తప్పని మనిషి మీద, ఆయన భార్యే, నా కోసం, తప్పు మోపింది. నేను ఆ పూట పంక్తిలో మళ్ళీ వెళ్ళి కూర్చున్నాను. ఆ పడవ యజమాని పక్కనే. పెరుగన్నం తిన్నాను. చెయ్యి కడుక్కుని బస్సెక్కాను. ఒక్క మాట చెప్పలేదు. నెల గడిచింది. మా సంస్థలో తోటి మాస్టర్లు కూడా "మీ గురువు గారికి ఆఖర్న దృష్టి తగ్గిందటగా," అన్నారు. అప్పుడూ చెప్పలేదు. పిల్లల ముందు నల్లబల్ల మీద కొలతలు రాస్తూనే ఉన్నాను.

ఈ పత్రిక వారు మేస్త్రి గారి గురించి నాలుగు మంచి మాటలు రాయమని అడిగారు. వారి విద్వత్తు, వారి సౌజన్యం, వారు లేని లోటు, ఇవన్నీ రాయగలను. ఇంత సంస్కృతం నేర్చుకున్నది అందుకే కదా. లోటు అనే మాటకు అర్థం మాత్రం నాకు ఆ షెడ్డులోనే తెలిసింది. ఇంజను నోరు తెరుచుకుని ఉంది. పిన్నిగారు ఈ క్రిస్మసుకు కూడా బస్సులోనే వెళుతుంది. నేను తీసుకెళ్ళలేను. ఇంకొకడు తీసుకెళ్ళగలడని కూడా నాకు నమ్మకం లేదు. ఆమె అనుమతి లేకుండా ఇది రాస్తున్నాను. చదివితే బాధపడుతుంది, కోప్పడుతుంది, నాతో మాట్లాడటం మానేస్తుందేమో కూడా.

అయినా మండలంలో ఆయన పని ఎరిగిన ప్రతి ఒక్కరికీ, ఆ పడవ యజమానికి ముఖ్యంగా, నా విద్యార్థులకూ వారి తల్లిదండ్రులకూ తెలియజేసుకునేదేమిటంటే, ఏసుపాదం మేస్త్రి గారి చెయ్యి ఆఖరి రోజు వరకూ తప్పలేదు. ఆ చక్రంలో లోపం ఎక్కడుందో ఆయనకు తెలుసు, ఎక్కడ ఆగాలో తెలుసు, దానికి గాటు కూడా పెట్టుకున్నారు. దాన్ని పాడుచేసింది నేను, ఆయన శిష్యుణ్ణి, సూరిబాబుని.